చట్రంలో ఇల్లు: సవర చిత్రాలతో మా ఏడో తరగతి

విజయవాడలో మా బడి పిల్లల్లో ఎక్కువమంది కృష్ణ ఒడ్డునే పుట్టి పెరిగినవారు కావడంతో, శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం కొండల్లో ఉండే సవర గిరిజనుల గురించి వారికి తెలిసింది చాలా తక్కువ.

నిరుడు నేను సవర బొమ్మలను నల్లబల్లపై గీసి, చూసి వేయమన్నాను. అందరూ చక్కగా వేశారు గానీ అది నకలుగానే మిగిలింది. సవరలకు ఆ చిత్రం గోడకు అందం కోసం వేసేది కాదు. ఇంట్లో జబ్బు చేసినప్పుడో, పంట చేతికొచ్చే వేళో పూర్వీకులను, దేవతలను తృప్తిపరచడానికి ఎర్రమట్టి పూసిన గోడపై బియ్యప్పిండితో వేసి, వారికి అర్పించే ఇల్లు. అందుకే ముందు ఆ ఇంటి గోడల్లా చట్రం గీసి, ఆ తరువాతే లోపల మనుషులను, ఏనుగులను, చెట్లను, సూర్యచంద్రులను నింపుతారు.

ఈసారి ఆ సంగతి ముందుగా చెప్పాను. వారి దేవతలను మనం గీయడం తగదనిపించి, ఎవరింటి పెద్దల కథను వారినే గీయమన్నాను. అట్టలకు జాజు పూసి, వెదురుపుల్లల కొసలు నలగ్గొట్టి కుంచెలు చేసుకున్నాము. పిండి పలుచనైతే గీత కారిపోతుంది, చిక్కనైతే ఎండాక పొలుసులుగా రాలిపోతుంది; అది కుదరడానికే ఒక పీరియడు పట్టింది.

ఒక అమ్మాయి చట్రం మధ్యలో పడవ గీసి, అందులో తన తాతయ్యను అందరికంటే పెద్దగా నిలబెట్టింది. కారణం అడిగితే, "ఆయన ఇప్పుడు లేరు కదండీ మాస్టారూ, ఈ ఇల్లు ఆయనకే" అంది.

సీతంపేట వైపు నుంచి ఒక సవర చిత్రకారుణ్ణి తగిన పారితోషికమిచ్చి బడికి పిలవడానికి, తోటి ఉపాధ్యాయులతో కలిసి ఇప్పుడు డబ్బు కూడబెడుతున్నాము.