కొండెక్కకుండానే తిరిగొచ్చిన తిరుపతి ప్రయాణం

తిరుపతి వెళ్లొచ్చానంటే చాలు, దర్శనం బాగా జరిగిందా, లడ్డూ ఏది అని అందరూ అడుగుతున్నారు. ఈసారి కొండెక్కలేదు. మాకు కీబోర్డు నేర్పిన మాస్టారు పోయి ఏడాదైంది, ఆయన జ్ఞాపకార్థ కూడికకి వెళ్లాను. తన గురించి నలుగురిలో చెప్పుకోవడం ఆయనకి ఎప్పుడూ ఇష్టం ఉండేది కాదు కాబట్టి పేరు రాయడం లేదు. కానీ తిరుపతిలో ఒక మిద్దె మీద గదిలో కూర్చుని పిల్లలకి జాజ్ అనే అమెరికా సంగీతం నేర్పిన మనిషి గురించి మాలో ఎవరో ఒకరు రాయాలి కదా.

సికింద్రాబాద్‌లో నారాయణాద్రి ఎక్కాను. రాత్రంతా నిద్ర లేదు, కూడికలో నన్ను కూడా వాయించమన్నారని ఒకటే టెన్షన్. రేణిగుంట దాటేసరికి బోగీలో అందరూ లేచి గోవిందా అంటూ బ్యాగులు సర్దుకుంటున్నారు. స్టేషన్ బయట ఆటో అతను "అలిపిరికా సామీ?" అన్నాడు. చర్చి దగ్గరికన్నా అంటే ఒకసారి నా ముఖం చూసి, "మాస్టరు కూడికకా? మా పాప కూడా ఆయన దగ్గరే నేర్చుకునింది" అన్నాడు. దారిలో ఆపి ఇద్దరం ఎర్రకారం దోసె తిన్నాం. డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు.

మాస్టారు వయసులో ఉన్నప్పుడు మద్రాసులో సినిమా రికార్డింగులకి వాయించేవారు. తర్వాత తిరుపతి వచ్చేసి ఆదివారం చర్చిలో, మిగతా రోజులు ఇంట్లో పాఠాలు. ఆయన దగ్గరికి వచ్చేవాళ్లంతా ఒకే గదిలో కూర్చోవాలి, కొత్తగా చేరినవాళ్లకి వేరే బ్యాచ్ ఉండేది కాదు. ఎస్వీ సంగీత కళాశాలలో వీణ నేర్చుకునే అమ్మాయి, డోలు వాయించే కుర్రాడు, ఎంసెట్ చదువు మధ్యలో గంట తప్పించుకుని వచ్చే నాలాంటివాళ్లు, అందరం అక్కడే. ఆయన ఒక వరస వాయిస్తారు, మేం పాడాలి, పాడాకే కీబోర్డు ముట్టుకోవాలి. కాగితం మీద రాసిచ్చేవారు కాదు.

ఈ పద్ధతి తనది కాదని ఆయనే చెప్పేవారు. అమెరికాలో బ్యారీ హ్యారిస్ అని ఒక జాజ్ పియానిస్టు ఉండేవారు, ఆయనది. 1929లో డెట్రాయిట్‌లో పుట్టారు, తల్లి చర్చిలో పియానో వాయించేది, మొదటి పాఠం ఆమె దగ్గరే. కుర్రవాడిగా ఉన్నప్పుడే డెట్రాయిట్‌లో ఆయన ఇల్లు ఒక బడిలా నడిచింది. తర్వాత న్యూయార్క్‌లో 1982 నుంచి 1987 దాకా జాజ్ కల్చరల్ థియేటర్ అని ఒక చోటు నడిపారు, అది మూతపడ్డాక కూడా వారం వారం క్లాసులు మానలేదు. కోవిడ్ వచ్చి అన్నీ బంద్ అయితే జూమ్‌లో చెప్పారు, అదీ తొంభై దాటిన వయసులో. 2021 డిసెంబరు 8న పోయారు. నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో హ్యారిస్ గారు చెప్పిన పాఠాల వీడియోలు దొరికాక మా మాస్టారు వాటిని ఫోన్‌లో పదే పదే ఆపి, వెనక్కి జరిపి చూసేవారు.

ఆ పాఠాల్లో మాకు అన్నిటికన్నా పట్టుబడింది ఎనిమిది స్వరాల స్కేలు. మాస్టారు దాన్ని మా భాషలోకి, అంటే కర్ణాటక సంగీతంలోకి మార్చి చెప్పేవారు. శంకరాభరణం రాగం తీసుకోండి, పంచమానికీ చతుశ్రుతి ధైవతానికీ (పెద్ద ద) మధ్య శుద్ధ ధైవతం (చిన్న ద) కూడా చేర్చండి, ఇప్పుడు ఎనిమిదయ్యాయి కదా. షడ్జమం నుంచి మొదలుపెట్టి ఒకటి విడిచి ఒకటి పట్టుకోండి అనేవారు. స, గ, ప, పెద్ద ద కలిపి నొక్కితే ఇంటికి చేరినట్టు నిలకడగా ఉంటుంది. మిగిలిన రి, మ, చిన్న ద, ని కలిపి నొక్కితే ఇక్కడ ఆగలేం, ఎటో కదలాలి అనిపిస్తుంది. మెట్టు మెట్టుకీ ఈ రెండూ మారుతూ వస్తాయి, నిలకడ, కదలిక, మళ్లీ నిలకడ. ఇంకో సుఖం ఏంటంటే ఆది తాళంలో మాత్రకో స్వరం వేసుకుంటూ పోతే ఏడు స్వరాలతో ఎనిమిదో మాత్రకే మళ్లీ షడ్జమం వచ్చి పడుతుంది, ఎనిమిదైతే సరిగ్గా సమం మీద, అంటే తాళం మళ్లీ మొదలయ్యే మాత్ర మీద పడుతుంది. ఈ మాట మా అందరికన్నా ముందు డోలు కుర్రాడికే అర్థమైంది. మేం ఇంకా ఆలోచిస్తుంటే వాడు తొడ మీద తాళం వేసి చూపించాడు.

చర్చిలో ప్రార్థన, పాటలు అయ్యాక పాస్టరు గారు క్లుప్తంగా మాట్లాడారు. తర్వాత అందరం ఇంటికి వెళ్లాం. అమ్మ, అంటే మాస్టారి భార్య, గుమ్మంలోనే చెయ్యి పట్టుకుని "ఏం నాయనా, చిక్కిపోయినావే" అన్నారు. మిద్దె మీద గది అలాగే ఉంచారు. కీబోర్డు మీద పసుపు గుడ్డ కప్పి ఉంది. తీస్తే మధ్యలో ఒక నల్ల మెట్టుకి తెల్ల ప్లాస్టర్ ముక్క, దాని మీద స్కెచ్ పెన్నుతో ద1 అని, అంటే ఆ చిన్న ద, ఆయన రాత. అంచులు లేచిపోయి, సిరా వెలిసిపోయి, అక్షరం వేళ్ల కింద దాదాపు అరిగిపోయింది. అది చూశాక కాసేపు ఎవరం మాట్లాడలేదు.

ఆ తర్వాత ఒక్కొక్కరూ చెప్పడం మొదలుపెట్టారు. నాకు గుర్తొచ్చింది ప్రోగ్రెస్ కార్డు సంగతి. ఇంటర్‌లో మార్కులు తక్కువొచ్చి నేను క్లాసుకి కార్డు దాచుకుని వెళ్తే, మాస్టారు తిట్టలేదు, బ్యారీ హ్యారిస్ గారి శిష్యుడి కథ చెప్పారు. చార్లెస్ మెక్‌ఫర్సన్ అని, తర్వాత పెద్ద శాక్సాఫోన్ విద్వాంసుడైనాయన, అప్పటికి టీనేజ్ కుర్రాడు. కార్డులో అన్నీ సీ గ్రేడ్లే. అది చూసి హ్యారిస్ గారు, నువ్వు యావరేజ్ అన్నమాట, కానీ నువ్వు వాయించాలనుకునే సంగీతాన్ని యావరేజ్‌గా ఉండి వాయించలేవు అన్న అర్థంలో చెప్పారట. ఆ కుర్రాడు అప్పటి నుంచి పుస్తకాలు పట్టుకున్నాడు. ఈ కథ చెప్పి మాస్టారు నా కార్డు అడగను కూడా అడగలేదు. నేనే తీసి చూపించాను. నాకు సంగీతం మీద, చదువు మీద ఒకేసారి పట్టుదల వచ్చిన రోజు అదే, ఈ మాట ఆయన ఉండగా చెప్పి ఉంటే బాగుండేది.

సాయంత్రం వాయించడం మొదలైంది. ఆటో అతని పాప స్కూలు యూనిఫాంలోనే వచ్చింది. ఏడో తరగతట. వీణ అమ్మాయి ఇప్పుడు టీచరు, మాస్టారి క్లాసు తనే నడుపుతోంది, అదే గదిలో, అందరికీ కలిపి. పాప శంకరాభరణంలో ఎనిమిది స్వరాలూ తడబడకుండా వాయించి, ఆగి, నా వైపు తిరిగి "అన్నా, గౌరీమనోహరి రాగంలో కూడా చిన్న ద కలిపితే ఇలాగే వస్తుందా?" అంది. ఎవరైనా చెప్పారా అంటే లేదు, గాంధారం ఒక్కటే కదా తేడా, మిగతాదంతా అదే కదా అంది. మైనర్‌కి, అంటే చిన్న గాంధారం ఉండే స్కేలుకి, బ్యారీ హ్యారిస్ చెప్పింది సరిగ్గా అదే స్కేలు. ఆ మాట చెప్పగానే వీణ అమ్మాయి గబగబా వచ్చి పాప పక్కన కూర్చుంది. ఇద్దరూ స, చిన్న గ, ప, పెద్ద ద నొక్కి చూశారు, తర్వాత మిగతా నాలుగూ. డోలు అతను తాళం అందుకున్నాడు. ఇక నాకు వాయించే వంతు రాలేదు, రాత్రి బండికి టైమవుతోందని అమ్మ రెండుసార్లు కేక వేసినా ఎవరూ లేవలేదు.