గోపురం పోయిన మల్వా

సౌత్ సూడాన్ రాజధాని జూబాలో కొన్యోకొన్యో మార్కెట్‌కి మొదటిసారి వెళ్లినప్పుడు జొన్నల రాశులు చూసి ప్రాణం లేచొచ్చింది. మాది పాలమూరు, జొన్నరొట్టె లేనిదే పూట గడవని ఇల్లు. సౌత్ సూడాన్‌లో జొన్నపిండిని పులియబెట్టి, వేడి రేకు మీద మన రవ్వట్టు కంటే పల్చగా లాగి కిస్రా వేస్తారు. కొలత మల్వా. మన మానిక లాంటి డబ్బా, మూడున్నర కిలోల దాకా పడుతుంది. అమ్మే ఆవిడ దానిమీద గోపురంలా పోసి, పైన గుప్పెడు కొసరు కూడా వేసేది.

2013లో మొదలైన అంతర్యుద్ధానికి 2018లో ఒప్పందం కుదిరింది. 2020 ఫిబ్రవరిలో ఐక్య ప్రభుత్వం వచ్చింది, ఏప్రిల్ 5న మొదటి కరోనా కేసు. నేను హోల్‌సేల్ స్టోర్‌లో అకౌంటెంట్‌ని. మక్కపిండి, నూనె, టమాటాలు, చివరికి గుడ్లు కూడా ఉగాండా నుంచి నిమూలే సరిహద్దు దాటి రావాల్సిందే. పక్కనే నైలు నది, మంచి నేల. కానీ విత్తినవాణ్ణి కోతదాకా ఊళ్లో ఉండనిస్తేగా! కరోనా టెస్టుల కోసం డ్రైవర్లను ఆపడంతో సరిహద్దులో లారీలు బారులు తీరాయి. అదే సమయంలో చమురు ధర పడిపోయింది, దేశం బతికేదే దాని మీద. అక్కడి డబ్బు, సౌత్ సూడాన్ పౌండ్, విలువ జారింది. పొద్దున రాసిన రేటు సాయంత్రానికి కొట్టేసి మళ్లీ రాసేవాణ్ణి.

మార్కెట్‌లో ముందు కొసరు పోయింది, తర్వాత గోపురం. ఆవిడ మల్వా అంచు మీద అరచెయ్యి లాగి చదును చేసేది. నేను చూస్తుంటే "మాలేష్" అనేది, ఏమనుకోకు అని. పట్టా మీద రాలిన గింజల్ని ఒక్కొక్కటే ఏరి మళ్లీ సంచిలో వేసుకునేది.

మా వాచ్‌మన్‌ది జోంగ్లీ రాష్ట్రం. అక్కడ ఊళ్ల మీద దాడులు, పైగా ఆ ఏడు వరదలు. దారుల్లేని చోట్ల తిండిగింజలు విమానాల్లోంచి కిందికి వదిలేవారు. ఆ పని చేసే ప్రపంచ ఆహార కార్యక్రమానికి అక్టోబర్‌లో నోబెల్ శాంతి బహుమతి వచ్చిందని నేనే అతనికి చెప్పాను. నవ్వి ఊరుకున్నాడు. మధ్యాహ్నం టీ తప్ప ఏమీ తీసుకునేవాడు కాదు.

చిరిగిన సంచుల పిండిని లెక్కలో 'డ్యామేజీ' అని రాసి పక్కన పెట్టడం మా స్టోర్ పద్ధతి. ఆ ఏడాది సంచులు చాలా చిరిగాయి. నెలాఖరున రిజిస్టర్ ముందు పెడితే, ఓనర్ ఆ పేజీ దగ్గర కాసేపు ఆగి, నా మొహం చూసి, సంతకం పెట్టేవాడు.