‘వేయిపడగలు’ చదవడానికి ఎంత వయసు రావాలి?

“ఇంగ్లీషులో అయితే చదవను. చదివితే తెలుగులోనే చదువుతా” అంది మా అమ్మాయి. పదకొండో క్లాసులో ఉంది. మాట ‘వేయిపడగలు’ గురించి. ఇంగ్లీషు అనువాదం ఉంది కదా, ముందు అది చూడు, నచ్చితే తెలుగు సంగతి తర్వాత చూద్దాం అన్నాను. కథ తెలిసిపోయాక వెయ్యి పేజీలు ఎవరు చదువుతారమ్మా అంది. నా దగ్గర దానికి జవాబు లేదు.

తనకి తెలుగు చదవడం బాగానే వచ్చు. పాత చందమామలు గడగడా చదివేస్తుంది. అయినా నాకు ధైర్యం చాలలేదు. విశ్వనాథ సత్యనారాయణ 1934లో రాసిన నవల అది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీలో అడివి బాపిరాజు ‘నారాయణరావు’తో కలిసి బహుమతి పంచుకుంది. పి.వి. నరసింహారావు దాన్ని ‘సహస్రఫణ్’ పేరుతో హిందీలోకి తెచ్చారు. అలాంటి పుస్తకాన్ని మొదటి యాభై పేజీల్లోనే విసుగొచ్చి పక్కన పడేస్తే, మళ్ళీ ఎప్పటికైనా దాని జోలికి పోతుందా?

భాష వరకైతే ఒక సలహా చెప్పగలను. మొదటి ప్రకరణం పిల్లలతో కూర్చుని పైకి చదవండి. మేమిద్దరం అలాగే మొదలుపెట్టాం. తను వాక్యం కింద వేలు జరుపుకుంటూ వస్తోంది. ఒకచోట సమాసం లైను దాటి కింది లైనులోకి పోయింది. వేలు ఆగిపోయింది. “ఇదంతా ఒక్క మాటేనా?” అంది. ఎక్కడ విరవాలో చూపించాను. తర్వాతి పేజీలో అలాంటిదే ఇంకోటి వస్తే నా వైపు చూడకుండా తనే విరిచి చదువుకుంది. నిఘంటువు మాత్రం దగ్గర పెట్టుకోవద్దన్నాను. ప్రతి మాటకీ ఆగి వెతుక్కుంటూ ఉంటే కథ జరిగే ఊరు సుబ్బన్నపేట ఎప్పటికీ కనిపించదు. పొలాల్లో పాములతో, పిట్టలతో తిరిగే పసిరిక గురించి వచ్చేసరికి సగం మాటలు తెలియకపోయినా పుస్తకం నా చేతిలోంచి లాక్కుని తనే చదివింది. అర్థం కానిదాన్ని కాసేపు అలాగే ఉండనిచ్చి ముందుకు పోగలగడం, నా దృష్టిలో భాషకు సంబంధించినంత వరకు అదే అర్హత. అది తనకి ఉంది.

నా బెంగ వేరే. వర్ణధర్మం కూలిపోతోందని దుఃఖపడే నవల ఇది. గుడి, జమీందారు, దేవత పూని పలికే గణాచారి, దేవదాసి, ఎవరి స్థానంలో వాళ్ళున్న ఊరు కళ్ళముందే చెదిరిపోవడం దాని కథ. ఆ ధర్మానికి ప్రతీకైన పాము వేయి పడగలూ వాలిపోయి చివరికి దాంపత్యమనే రెండు పడగలు మిగులుతాయి. దేవదాసి గిరిక తన బతుకంతా వేణుగోపాలస్వామికి అర్పించుకోవడాన్ని విశ్వనాథ ఎంత అందంగా రాశారంటే, చదువుతున్నంతసేపూ మనకు ఎదురు ప్రశ్న తోచదు. కాలేజీ రోజుల్లో గిరిక కోసం నేను ఏడ్చాను. మా అమ్మాయి ఏడవదు. “ఆ అమ్మాయికి ఏం కావాలో ఎవరైనా అడిగారా?” అంటుంది. అనాలి కూడా. కులం గురించి ఇంట్లో మేమెవరం కూర్చోబెట్టి చెప్పకపోయినా, ఊరెళ్ళినప్పుడు పెళ్ళి మాటల్లో తనంతట తనే పసిగట్టిన పిల్ల అది.

ఈ బెంగ చెప్పుకుంటే, “మాతో హకల్‌బెరీ ఫిన్ చదివించారు కదా?” అంది. 1885లో అమెరికాలో అచ్చయిన నవల. నల్లవాళ్ళను అవమానించే మాట అందులో అడుగడుగునా వస్తుంది. బడుల్లో దాన్ని ఉంచాలా తీసెయ్యాలా అన్న గొడవ ఇప్పటికీ తెగలేదు. వీళ్ళ టీచరు ముందు ఆ మాట గురించి, బానిసత్వం గురించి క్లాసులో మాట్లాడి, ఆ తర్వాతే పుస్తకం తెరిపించిందట. “ఆవిడ మమ్మల్ని రెడీ చేసింది. నువ్వూ చెయ్యొచ్చు కదా?”

చెయ్యొచ్చు. అలా చెయ్యగలిగే టీచర్లంటే నాకు గౌరవం. కానీ ఆ పుస్తకం ఆవిడ పుట్టింటి పుస్తకం కాదు. మా నాన్నగారు ‘వేయిపడగలు’ ఎన్నిసార్లు చదివారో. మా ఇంట్లో ఆ నవల నాయకుడు ధర్మారావు పేరు చుట్టాల పేరులాగే వినిపించేది. ఏదైనా తగువొస్తే ధర్మారావైతే ఏమనేవాడో చెప్పేవారు. రేపు ధర్మారావు మీద మా అమ్మాయికి కోపం వస్తే, అది ధర్మారావు దగ్గరే ఆగుతుందా? తాతయ్య అంటే దానికి ప్రాణం. నువ్వింకా సిద్ధంగా లేవని నేనంటున్నది దాని కోసమా, పుస్తకం కోసమా, నాన్నగారి కోసమా? ఎంత ఆలోచించినా నాకు తెగడం లేదు.

పుస్తకం మీద కోపం వచ్చి మూసేసి, మర్నాడు మళ్ళీ అదే పేజీ తెరిచే పిల్లలైతే వయసు లెక్క చూడకుండా ఇవ్వండి అని నాతోటి తల్లిదండ్రులకు చెబుదామనుకున్నాను. ఇప్పటికీ అదే నమ్ముతున్నాను. అయితే ఆ కోపం వచ్చిన పూట మనం ఎవరి పక్షాన మాట్లాడాలి? నవల తరఫున వాదిస్తే పిల్లకి దూరమవుతాం. పిల్ల మాటకే తలూపితే, ఆ గద్యంలో నాకు దక్కినదంతా దానికి దక్కకుండా పోతుంది.

ఈ వేసవికి విజయవాడ వెళ్తున్నాం. నాన్నగారి ప్రతి ఆయన దగ్గరే ఉంటుంది. దీనికి వేరే ప్రతి కొనిస్తాను, పక్కన పెన్సిలుతో తోచింది రాసుకోమంటాను. మనవరాలు ‘వేయిపడగలు’ మొదలుపెట్టిందని ఫోనులో చెబితే ఆయన సంబరం ఇంతా అంతా కాదు. “చదవనీ. ఏ అనుమానం వచ్చినా నన్నే అడగమను” అన్నారు. అది ఏం అడగబోతోందో ఆయనకి ముందే చెప్పాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు.