నీళ్ళ కోట, ఊరగాయ పువ్వు

ఫిబ్రవరిలో జపాన్‌లో మేముండే ఫుకుఒకాలో చలి ఇంకా వదలదు, కానీ ఉమె అనే పూలచెట్లు ఆగవు. ఒక్క ఆకు కూడా లేని నల్లటి కొమ్మకి, తొడిమ ఉందా లేదా అన్నట్టు అతుక్కుని పూసేస్తాయి, తెల్లవి, గులాబీ రంగువి. ఆ వాసన కోసమే ప్రతి ఏడూ దగ్గర్లోని దజైఫు ఊరికి వెళ్తాం. అందరిలాగే తెన్‌మంగూ గుడికి వెళ్ళి, దండం పెట్టుకుని, వేడివేడి ఉమెగాఎ మోచి అనే బియ్యప్పిండి మిఠాయి తిని వచ్చేసేవాళ్ళం. ఈసారి మాత్రం గుడి జనాన్ని తప్పించుకుని, పాత దజైఫు ప్రభుత్వ కార్యాలయం ఉన్న చోటికి వెళ్ళాం. ఇప్పుడది పెద్ద పచ్చిక మైదానం, వెనక కొండ, మధ్యలో వరసగా పునాది రాళ్ళు, అంచుల్లో ఉమె చెట్లు, అంతే.

ఇంతకీ నేను రాద్దామనుకున్నది మా అమ్మాయి తెలుగు గురించి. దానికి పదేళ్ళు, పుట్టింది ఇక్కడే, ఇక్కడి స్కూల్లో నాలుగో తరగతి. తమ్ముడితో జపనీస్, స్నేహితులతో జపనీస్, నిద్రలో కలవరించినా జపనీస్. నేను తెలుగులో అడిగితే అర్థమవుతుంది, జవాబు మాత్రం జపనీస్‌లో వస్తుంది. శనివారం పొద్దున్న గంటసేపు కూర్చోబెట్టి గుణింతాలు రాయిస్తే ఆ గంట ఇద్దరికీ టెన్షనే. "ఎవరితో మాట్లాడాలి అమ్మా?" అని ఒకసారి అడిగింది. నాతో అన్నాను. "నీకు జపనీస్ వచ్చు కదా" అంది. నా దగ్గర జవాబు లేదు.

నాకు జపనీస్ మాట్లాడటం వచ్చు, చదవడం సరిగ్గా రాదు. పన్నెండేళ్ళ నుంచీ ఉంటున్నా కాంజీ అక్షరాలు నాకు లొంగలేదు. స్కూలు నుంచి వచ్చే కాగితాలు ఫోన్‌తో ఫొటో తీసుకుని చదువుకుంటాను. ఆ రోజు కూడా రాళ్ళ దగ్గరున్న బోర్డు ముందు ఫోన్ తీశాను. "ఫోన్ వద్దు, నేను చెప్తా" అంది. జపనీస్‌లో గబగబా చదవబోతే, "అంత పెద్ద మాటలు నాకు తెలియవమ్మలూ, మెల్లగా మన మాటల్లో చెప్పు" అన్నాను. అది నిజంగా నాకు తెలియకే అడిగానని దానికి తెలుసు. అందుకే ఆగింది, ఆలోచించింది, మొదలుపెట్టింది.

"ఈ రాళ్ళ కింద ఇంకో ఇల్లు ఉందంట అమ్మా. అది కాలిపోయిందంట. దాని మీద మళ్ళీ కట్టారంట." 941లో ఫుజివారా నో సుమితొమో తిరగబడి ఈ కార్యాలయాన్ని తగలబెట్టాడు. తర్వాత మళ్ళీ కట్టలేదేమో, పైకి కనిపిస్తున్నవి పాత రాళ్ళేనేమో అని అనుకునేవారట. 1968 నుంచి తవ్వకాలు జరిగాక కింద కాలిన మట్టి పొర బయటపడింది, పై రాళ్ళు తర్వాత కట్టినవని తేలింది. ఇదంతా అది చెప్పడానికి పావుగంట పట్టింది. పునాదికి మాట తెలియక "ఇంటి కాళ్ళ కింద రాయి" అంది. బూడిద అనడానికి "అగ్గి అయిపోయాక వచ్చేది" అంది. నేను "బూడిద" అన్నాను, అది "బూడిద, బూడిద" అనుకుంటూ పక్క బోర్డుకి పరిగెత్తింది.

దారిలో రైలు కిటికీలోంచి కనిపించిన పొడవాటి మట్టి కట్ట గురించీ అక్కడే చదివింది. 663లో కొరియా తీరంలో చైనా తాంగ్, కొరియా సిల్లా రాజ్యాల సేనల చేతిలో జపాన్ ఓడిపోయింది. వాళ్ళు ఇటు దండెత్తి వస్తారన్న భయంతో 664లో కట్టిన కట్ట అది, 1.2 కిలోమీటర్ల పొడవు, ముందు 60 మీటర్ల వెడల్పు కందకం. పేరు మిజుకి. "మొదటి అక్షరం నీళ్ళు, రెండోది కోట. నీళ్ళ కోట!" అంది. ఇన్నేళ్ళుగా మిజుకి అన్న పేరు వింటున్నాను, దానికి అర్థం ఉందని నాకు తెలుగులో తెలిసింది ఆ రోజే, అదీ నా కూతురు చెప్తే.

పక్కనే చిన్న ప్రదర్శనశాల ఉంది. అందులో హకాతా బొమ్మలతో, అంటే ఇక్కడి మట్టిబొమ్మలతో, ఒక విందు పేర్చి పెట్టారు. 730లో ఇక్కడి పెద్ద అధికారి ఓతొమో నో తబితో తన ఇంట్లో ఉమె పువ్వులు చూడటానికి అందరినీ పిలిచాడు, వాళ్ళు 32 పద్యాలు చెప్పారు, అవి మన్యోషూ అనే పాత జపనీస్ పద్యాల సంకలనంలో చేరాయి. జపాన్‌లో ఇప్పుడు నడుస్తున్న రేవా శకం పేరు ఆ పద్యాల ముందుమాటలోంచే తీసుకున్నారు. ఆ విందులో చాలామంది దూరంగా ఉన్న నారా రాజధాని నుంచి ఉద్యోగం మీద వచ్చినవాళ్ళు. చెట్టు కూడా చైనా నుంచి వచ్చినదే. నేను ఆ బొమ్మల ముందు చాలాసేపు నిలబడ్డాను. ఊరు వదిలి వచ్చినవాళ్ళు, పరాయి దేశం చెట్టు కింద కూర్చుని, తమ మాటల్లో పద్యాలు చెప్పుకున్నారు. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి, ఎందుకని పిల్లలు అడిగితే చలిగాలి అన్నాను.

బయటికొచ్చి చెట్టు కింద డబ్బా తెరిచాం. ఓనిగిరి అనే అన్నం ముద్ద మధ్యలో ఉమెబొషి, అంటే ఊరబెట్టిన ఉమె కాయ. "ఉమెని తెలుగులో ఏమంటారు?" అంది. నాకు తట్టలేదు. మా అమ్మకి వీడియో కాల్ చేశాం, తెనాలిలో అప్పుడు పొద్దున్న తొమ్మిది. అమ్మమ్మకి పువ్వు చూపించి, కాయ ఏం చేస్తారో అది తన తెలుగులోనే చెప్పుకొచ్చింది: ఉప్పులో వేస్తారు, నీళ్ళు వస్తాయి, తీసి ఎండలో మూడు రోజులు పెడతారు.

"ఊటలో ఊరబెట్టి, తీసి ఎండబెడతారా? అయితే మన మాగాయే కదే!" అంది అమ్మ. "పేరుదేముంది, ఊరగాయ పువ్వు అనుకోండి."

ఇప్పుడు శనివారం గుణింతాలు మానేశాం. దాని బదులు నాకు చదవడం రాని బోర్డు ఎక్కడున్నా అదే చదివి చెప్తుంది, కొత్త మాట వస్తే చిన్న పుస్తకంలో రాసుకుంటుంది. ఆ రోజు రాత్రి బూడిద, కట్ట, నీళ్ళ కోట, ఊరగాయ పువ్వు అని రాసుకుంది. పక్కన తమ్ముడు పువ్వు బొమ్మ వేసి, ఒక్కో దాని చివర చిన్న నొక్కు పెట్టాడు. "అది సకురా, ఉమెకి గుండ్రంగా ఉంటాయి" అని వాడితో జపనీస్‌లో అంది. తర్వాత నా వైపు తిరిగి, "అమ్మా, పువ్వుకి చుట్టూ ఉండేవాటిని ఏమంటారు?" అని అడిగింది.

రేకులు అని చెప్పాను. రాసుకుంది.