వేలి నొప్పికి కోడ్ వేసే ముందు
అమెరికా రోగి చార్టులో 'ఫింగర్ పెయిన్' అని కనబడగానే, బీమా క్లెయిమ్‌కి జబ్బునో లక్షణాన్నో సూచించే ఐసీడీ-10-సీఎం కోడ్‌లలోంచి ఎం79.646 వేసేయకండి. అది ఏ చెయ్యో రాయనప్పటి కోడ్. కుడిచేతి వేలైతే ఎం79.644, ఎడమదైతే ఎం79.645. ఏ వేలన్నది ఈ కోడ్‌లు చెప్పవు, కాబట్టి డాక్టర్ నోట్‌లో తప్పక ఉండాలి.

నొప్పి లక్షణమే, జబ్బు కాదు. ట్రిగ్గర్ ఫింగర్ (వేలు వంచితే పట్టేసే జబ్బు) అని డాక్టర్ తేల్చి రాస్తే, కుడి ఉంగరపు వేలికి ఎం65.341 ఒక్కటే చాలు, పైన నొప్పి కోడ్ అక్కర్లేదు. 'ప్రాబబుల్' (కావచ్చు) అని రాస్తే మాత్రం, ఆసుపత్రిలో చేరని అవుట్‌పేషెంట్‌లో నొప్పి కోడే వేయాలి. రోగి రికార్డులో లేని జబ్బు ఎక్కించడం అన్యాయం కదా!

బెణుకైతే 'ఎస్'తో మొదలయ్యే గాయాల కోడ్. చికిత్స సాగుతున్నంతకాలం కోడ్‌లో ఏడో అక్షరం 'ఏ' (A), గాయం మానే దశలో 'డి' (D). చాలామంది దీన్ని మొదటి విజిట్, రెండో విజిట్ లెక్క అనుకుంటారు, అక్కడే క్లెయిమ్ తప్పుతుంది.