నీనా సిమోన్ పుట్టిన ఊళ్లో

షార్లెట్ నుంచి హైవే 74 మీద పడమటి వైపు గంటన్నర వెళ్తే ట్రయన్ వస్తుంది. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం చివర, బ్లూ రిడ్జ్ కొండల కింద ఉన్న చిన్న ఊరు. యాష్‌విల్ వెళ్లే మన తెలుగువాళ్లంతా దాదాపు దాని పక్క నుంచే పోతారు. అక్టోబరులో ఒక శనివారం నేనూ మా ఆవిడా పనిగట్టుకుని ఆ ఊరికే వెళ్లాం. నల్లజాతి గాయని, పియానో కళాకారిణి నీనా సిమోన్ 1933 ఫిబ్రవరి 21న పుట్టింది అక్కడే. అసలు పేరు యూనిస్ వేమన్.

ముందు ఈస్ట్ లివింగ్‌స్టన్ స్ట్రీట్‌లో ఆమె పుట్టిన ఇల్లు చూశాం. మూడంటే మూడు గదులు, అంతా కలిపి 650 చదరపు అడుగులు ఉంటుందేమో. చెక్క పలకల గోడలు, ముందు చిన్న వరండా. అంత ఇంట్లో అంత పెద్ద కుటుంబం ఎలా సర్దుకుందో అనిపించింది. పడగొట్టేస్తారేమో అన్న పరిస్థితిలో 2017లో నలుగురు నల్లజాతి కళాకారులు కలిసి 95 వేల డాలర్లకు దాన్ని కొన్నారు. వాళ్లు ఆ పని చేయకపోతే ఈపాటికి అక్కడ ఖాళీ స్థలమే ఉండేది.

బయటే నిలబడి చాలాసేపు చూశాం. ఆమె సంగీతం గురించి నాకు అంతకుముందు చదివి తెలిసిన సంగతులు ఆ వీధిలో నడుస్తుంటే అర్థం కావడం మొదలైంది. వాళ్ల అమ్మ మెథడిస్ట్ అనే క్రైస్తవ శాఖలో ప్రచారకురాలు. ఆవిడ ప్రార్థనలకు పియానో వాయించేది ఈ పిల్లే. అమ్మ ఇళ్లలో పని కూడా చేసేది. అలాంటి ఒక ఇంటి యజమానురాలు పిల్ల వాయించడం విని మొదట్లో పాఠాల ఫీజు కట్టింది. పాఠాలు చెప్పింది మ్యూరియల్ మాజనోవిచ్ అనే ఇంగ్లిష్ ఆవిడ. ఆవిడ ఇల్లు తెల్లవాళ్లుండే వైపు, రైలు పట్టాలు దాటి వెళ్లాలి. అక్కడ నేర్చుకున్నది జర్మన్ శాస్త్రీయ స్వరకర్త బాఖ్ సంగీతం. అంటే చర్చిలో చప్పట్ల మధ్య గాస్పెల్ భక్తి పాటలు, పట్టాలకు అవతల బాఖ్. రెండూ ఒకే పిల్ల చేతుల్లోకి ఒకే వయసులో వచ్చాయి. అందుకే ఆమె శైలులను కలిపింది అనడం నాకు సరిగ్గా అనిపించదు. ఆమెకు అవి మొదటి నుంచీ విడివిడిగా లేవు.

మధ్యాహ్నం ట్రేడ్ స్ట్రీట్‌లో ఆమె విగ్రహం దగ్గరికి వెళ్లాం. 2010లో పెట్టిన కంచు విగ్రహం, శిల్పి జీనోస్ ఫ్రుడాకిస్. పియానో పెట్టె లేదు, అలలా వంగి గాలిలో తేలుతున్నట్టున్న పియానో కీల వరుస మాత్రమే ఉంది. దాని మీద ఆమె చేతులు. దగ్గరికెళ్లి చూస్తే ఒక్కో వేలూ విడిగా తెలుస్తుంది. విగ్రహం లోపల కంచుతో చేసిన గుండె ఉంది, అందులో ఆమె చితాభస్మం కొంత పెట్టారు.

పదకొండు పన్నెండేళ్ల వయసులో ఈ ఊళ్లోనే యూనిస్ కచేరీ చేసింది. ముందు వరుసలో కూర్చున్న అమ్మానాన్నలను లేపి, తెల్లవాళ్లకు చోటిచ్చారు. వాళ్లను మళ్లీ ముందు కూర్చోబెడితేగానీ వాయించనంది ఆ పిల్ల. కూర్చోబెట్టారు. 1963లో అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో నల్లవాళ్ల చర్చిలో బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు చనిపోయినప్పుడు ఆమె ‘మిసిసిపీ గాడ్‌డ్యామ్’ అనే పాట రాసింది. హుషారైన నాటకం పాట వరస, లోపల మాత్రం మంట. ఆ పాట మొదలైంది ట్రయన్ కచేరీలోనే అని నా నమ్మకం.

ఊరివాళ్లు చందాలు వేసి చదివించిన ఆ అమ్మాయి 1951లో ఫిలడెల్ఫియాలోని కర్టిస్ ఇన్‌స్టిట్యూట్ అనే సంగీత కళాశాలకు ఆడిషన్ ఇచ్చింది. తీసుకోలేదు. నల్లదాన్ని కాబట్టే అని ఆమె చివరిదాకా నమ్మింది. డబ్బు కోసం 1954లో అట్లాంటిక్ సిటీలో ఒక బార్‌లో వాయించడానికి చేరితే, పాడితేనే ఉద్యోగం అన్నాడు యజమాని. గాయని అయ్యింది అలా! అమ్మకు తెలియకూడదని పేరు కూడా మార్చుకుంది. తన సంగీతాన్ని జాజ్ అంటే ఆమెకు నచ్చేది కాదు, బ్లాక్ క్లాసికల్ మ్యూజిక్ అనేది.

అక్కణ్ణుంచి యాష్‌విల్ వైపు కొండ ఎక్కుతూ కారులో ఆమె మొదటి ఆల్బమ్‌లోని ‘లవ్ మీ ఆర్ లీవ్ మీ’ పెట్టాను. పాట మధ్యలో స్వింగ్, అంటే ఆ జాజ్ ఊపు, ఆగకుండానే పియానో బాఖ్‌లోకి వెళ్లిపోతుంది. కుడి చెయ్యి ఒక వరస మొదలుపెడితే ఎడమ చెయ్యి దాన్ని అందుకుంటుంది. చిన్నప్పుడు వీణ నేర్చుకున్న మా ఆవిడ ఆ ముక్క మళ్లీ మళ్లీ వెనక్కి పెట్టించింది. ఆ ఆల్బమ్ హక్కులన్నీ నీనా 3 వేల డాలర్లకే వదులుకుందని చెబితే మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.

2003 ఏప్రిల్‌లో, నీనా ఫ్రాన్స్‌లో చనిపోవడానికి రెండు రోజుల ముందు, కర్టిస్ వాళ్లు గౌరవ డిప్లొమా ఇచ్చారు. అది యాభై ఏళ్లు ఆలస్యం. మీరు యాష్‌విల్ వెళ్తుంటే ట్రయన్‌కు ఒక పూట కేటాయించండి, ముందు ఇల్లు చూసి, తర్వాత విగ్రహం చూడండి. పట్టాలు దాటేటప్పుడు మాత్రం కారు దిగి నడవండి.