సెర్జియో మెండెస్ పాటల సాధన: నచ్చినవి, అంతగా ఎక్కనివి

బ్రెజిల్ పియానిస్టు, బ్యాండ్‌లీడర్ సెర్జియో మెండెస్ పాటల్ని కీబోర్డు మీద సాధన చేస్తున్నాను. ఆల్బమ్‌లు ఏ వరుసలో వచ్చాయో ఆ వరుసలోనే వింటూ, ఒక్కోదాంట్లోంచి ఒకటో రెండో పాటలు పట్టుకుంటున్నాను. 1966 నాటి ఆల్బమ్‌తో మొదలుపెట్టి ఇప్పుడు 1992 నాటిదాని దగ్గరికి వచ్చాను. ఇంతవరకు విన్నదాన్ని బట్టి ఒక్క విషయం గట్టిగా చెప్పగలను: ఆయన పాటలో లయ ముందుండి నడిపిస్తే ఆ పాటకి తిరుగులేదు. లయ వెనక్కి తగ్గితే మాత్రం ఎంత పెద్ద హిట్టయినా నా మనసుకి ఎక్కదు.

ఆయన గురించి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 1941లో రియో డి జనీరోకి ఎదురుగా, అఖాతం అవతలి ఒడ్డున ఉన్న నితెరోయ్‌లో పుట్టారు. క్లాసికల్ పియానో నేర్చుకుని, బ్రెజిల్‌లో పుట్టిన బోసా నోవా అనే సంగీత శైలి వైపు వచ్చారు. 1964లో అమెరికా వెళ్ళి, అక్కడ బ్రెజిల్ '66 అనే బ్యాండ్ పెట్టారు. 2024 సెప్టెంబరులో లాస్ ఏంజెలెస్‌లో కన్నుమూశారు.

లయ

నా కీబోర్డులో బోసా నోవా అని ఒక రెడీమేడ్ రిథమ్ ఉంది. దాన్ని ఆఫ్ చేశాను. అది మోగుతున్నంతసేపూ మన చేతులు నేర్చుకోవాల్సింది అదే చేసిపెడుతుంది. ముందు చప్పట్లతో మొదలుపెట్టడం మంచిది. పదహారు మాత్రలు లెక్కపెడుతూ 1, 4, 7, 11, 14 మీద చప్పట్లు కొట్టాలి. బోసా నోవాలో బాగా వినిపించే వరుస ఇది. కర్ణాటక సంగీతం కాస్త తెలిసినవాళ్ళకి ఇంకా తేలిక. తకిట తకిట తకధిమి తకిట తకిట అనుకుంటూ, ప్రతి ముక్క మొదటి అక్షరం మీద చప్పట్లు కొడితే సరిగ్గా ఆ అయిదు చోట్లే పడతాయి. కాలు మాత్రం నాలుగు మాత్రలకోసారి నిదానంగా తట్టాలి. చేతులు ఎటు లాగినా కాలు కదలకూడదు, కష్టమంతా అక్కడే.

అది కుదిరాక ఎడమచేత్తో కార్డు (కలిపి మోగించే స్వరాల గుత్తి) మూలస్వరం, పంచమం మార్చి మార్చి నొక్కుతూ, మిగతా స్వరాల్ని కుడిచేత్తో ఆ వరుసలో వాయించాలి. టిక్ టిక్‌మని లయ చూపే మెట్రోనోమ్‌ని నిమిషానికి 60 మీద పెట్టుకుని, తడబడకుండా రెండు మూడు నిమిషాలు నడిచాకే నాలుగేసి చొప్పున పెంచుతున్నాను.

బ్రెజిల్ '66 మొదటి ఆల్బమ్

మాస్ కె నాడా. నా లిస్టులో మొదటి స్థానం దీనిదే, ఇక మారుతుందని అనుకోను. రాసింది బ్రెజిల్ గాయకుడు జోర్జె బెన్, ఆయన 1963లో పాడారు. మెండెస్ 1966లో దాన్ని ఇద్దరు అమ్మాయిల గొంతులతో, పియానోతో కొత్తగా కట్టారు. ముఖ్య గాయని లానీ హాల్ షికాగో అమ్మాయి, పాట మొత్తం పోర్చుగీసులోనే ఉంటుంది. ఇంత పేరున్న పాట అమెరికాలో హిట్ పాటల జాబితా అయిన బిల్‌బోర్డ్ చార్టులో అప్పట్లో 47వ స్థానం దాటి పైకి వెళ్ళలేదంటే నమ్మబుద్ధి కాదు. సాధనకి వస్తే, మొదట్లో వచ్చే పియానో ముక్కని స్లో చేసే యాప్‌లో 75 శాతం వేగానికి తగ్గించి, రెండు బార్లు (బార్ అంటే మన ఆవర్తనం లాంటిది) లూప్‌లో పెట్టుకున్నాను. కార్డు నొక్కడం ఎంత ముఖ్యమో, వేలు వెంటనే ఎత్తేయడం అంత ముఖ్యం. వేలు ఒక్క క్షణం ఎక్కువ ఆగినా ఊపు చచ్చిపోతుంది. స్వరాన్ని సాగదీసే సస్టెయిన్ పెడల్ అసలు ముట్టుకోవద్దు.

2006లో ఇదే పాటని అమెరికా హిప్‌హాప్ బృందం బ్లాక్ ఐడ్ పీస్‌తో కలిసి మళ్ళీ చేశారు. హుషారుగానే ఉంటుంది. కానీ ఆ బరువైన బీటు కింద పియానో అంతగా ఊగదు. నాకు పాతదే కావాలి.

1966 నాటి ఆ ఆల్బమ్‌లోనే బ్రెజిల్ స్వరకర్త జోబిమ్ కట్టిన వన్ నోట్ సాంబా కూడా ఉంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు దీంతో మొదలుపెడితే బాగుంటుంది. మొదటి భాగంలో రాగం దాదాపు ఒకే స్వరం మీద నిలబడుతుంది, కింద కార్డులు మాత్రం మెట్టు మెట్టుగా దిగుతుంటాయి. మామూలుగా పుస్తకాల్లో ఉండే శ్రుతిలో అయితే డి మైనర్ సెవెన్, డి ఫ్లాట్ సెవెన్, సి మైనర్ సెవెన్, బి సెవెన్. పైన ఎఫ్ అలాగే మోగుతుంటుంది. కుడిచేతి చిటికెన వేలిని ఎఫ్ మీద వదిలేసి, మిగతా వేళ్ళతో కిందికి దిగి చూడండి. ఒకే స్వరం ప్రతి కార్డు మీదా వేరే రంగులో వినిపిస్తుంది. ఆ నాలుగు కార్డులు వాయిస్తూ ఒక సాయంత్రమంతా కూర్చుండిపోయాను.

1968, 1969

ద లుక్ ఆఫ్ లవ్ 1968 ఆస్కార్ వేదిక మీద వాయించాక పెద్ద హిట్టయింది, చార్టులో 4వ స్థానం దాకా వెళ్ళింది. బాగుంటుంది, కానీ తీగవాయిద్యాలు ఎక్కువ. బీటిల్స్ పాట ద ఫూల్ ఆన్ ద హిల్ అదే ఏడాది 6 దాకా వెళ్ళింది. ఇది మాత్రం నాకు చాలా ఇష్టం. నెమ్మదైన, దిగులు పాటని ఆ దిగులు పోకుండానే ఊపులోకి తేవడం మామూలు విషయం కాదు.

1969లో చేసిన ద డాక్ ఆఫ్ ద బే నాకు నచ్చని వాటిలో ఒకటి. మొదట పాడిన ఓటిస్ రెడింగ్ గొంతులో ఉన్న ఒంటరితనం ఇందులో లేదు, దాని బదులు కొత్తగా ఏమీ రాలేదు కూడా. ఇది సాధన చేయలేదు.

1983

నెవర్ గొన్నా లెట్ యూ గో. బ్యారీ మాన్, సింథియా వైల్ రాసింది, జో పిజూలో, లీజా మిల్లర్ పాడింది. ఇదీ 4 దాకా వెళ్ళింది. ఇప్పటిదాకా నేను పట్టినవాటిలో చాలా కష్టమైంది ఇదే. శ్రుతి మారుతూనే ఉంటుంది, ఒకచోట కుదురుకునేలోపే ఇంకో చోటికి జారిపోతుంది. ప్రతి శ్రుతికీ ఒక రంగు పెన్సిల్ పెట్టుకుని కాగితం మీద కార్డులు రాసుకుంటే తప్ప నాకు దారి దొరకలేదు. మీరూ అలాగే చేయండి. నాలుగు బార్ల కన్నా ఎక్కువ ఒకేసారి పట్టుకోవద్దు. పాట కట్టిన తీరుకి చేతులెత్తి దణ్ణం పెట్టాలి. అయినా నా లిస్టులో అట్టడుగున ఉన్నది ఇదే. అట్ట మీద ఇంకో బ్యాండ్‌లీడర్ పేరున్నా ఇందులో తేడా తెలియదు. మెండెస్ చెయ్యి ఎక్కడా వినిపించదు.

ప్రస్తుతం

1992 నాటి బ్రజిలైరో నడుస్తోంది, గ్రామీ వచ్చిన ఆల్బమ్. అందులో కార్లిన్యోస్ బ్రౌన్ రాసిన మగలేన్యా నన్ను వదలడం లేదు. పియానో కోసం వెతుక్కోవాలి, అయినా మాస్ కె నాడా తర్వాత స్థానం దీనికే ఇచ్చాను. డప్పులే పాటని మోస్తాయి, గొంతులు కూడా డప్పుల్లాగే మోగుతాయి. దీన్ని కీబోర్డు మీద ఎలా వాయించాలా అని ఆలోచించి, చివరికి డ్రమ్ కిట్ మోడ్‌లో పెట్టుకున్నాను. ఎడమచేతికి పెద్ద డప్పు, కుడిచేతికి చిన్నది. సగం వేగంలో చేతులు కలుస్తున్నాయి. ముప్పావు వేగానికి కుడిచెయ్యి ముందుకి పరిగెడుతోంది, అందుకని ఈ వారమంతా మెట్రోనోమ్‌తో కుడిచేతి వరుస ఒక్కటే.